పాత చైనా టీకి అంత ఖరీదెందుకు? (మీ 7572 బిళ్ళ సంగతి కూడా)

ముందు మీ బావమరిది గారి సంగతి తేల్చేద్దాం. చైనా నుంచి వస్తూ ఆయన తెచ్చిన పుఅర్ టీ (ఆకుని బిళ్ళగా నొక్కి, ఏళ్ళ తరబడి దాచుకునే చైనా టీ) బిళ్ళ మీద 7572 అని ఉంది, అంటే 1975 నాటిదని ఆయన అన్నారు. అలాంటివి వేలంలో లక్షలు పలుకుతాయని మీరెక్కడో చదివారు. ఆర్నెల్లు దాటిన టీపొడిని మనం పారబోస్తుంటే వాళ్ళు యాభై ఏళ్ళ నాటిది తాగడమేంటి, అందులో నిజంగా రుచి ఉందా లేక అంతా పెట్టుబడి పిచ్చేనా, మనమూ కొని దాచుకోవచ్చా అని అడిగారు.

మీ బిళ్ళ 1975ది కాదండి, సారీ. 7572 అన్నది తయారైన ఏడాది కాదు, ఫార్ములా నంబరు. మొదటి రెండంకెలు ఆ మిశ్రమం పాళ్ళు ఏ ఏడాదివో చెబుతాయి, అంటే 1975. మూడోది, 7, ఆకు సైజు గ్రేడు. చివరి 2 అంటే మెంగ్‌హాయ్ టీ ఫ్యాక్టరీ. ఒకటి ఉంటే కున్‌మింగ్, మూడు ఉంటే షియాగువాన్. ఆ ఫార్ములాతో అప్పట్నించీ బిళ్ళలు చేస్తూనే ఉన్నారు, కాబట్టి పోయినేడాది చేసిన దాని మీద కూడా 7572 అనే ఉంటుంది. బిళ్ళ వెనక్కి తిప్పి కాగితం మడతల దగ్గర చూడండి, కొత్తవాటికి తయారీ తేదీ అక్కడ ముద్ర వేసి ఉంటుంది. ఇంకో మాట, 7572 అనేది "మాగబెట్టిన" రకం. వేలాల్లో లక్షలు పలికేది ఎక్కువగా "పచ్చి" రకం. ఈ రెండిటి తేడా తెలిస్తే మీ మిగతా ప్రశ్నలకి సగం జవాబు దొరికినట్టే, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

నేను టీ వ్యాపారిని కాదు. పదకొండేళ్ళు దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌలో ఉండి, పక్కనున్న ఫోషాన్ ఫ్యాక్టరీల్లో టైల్సు, శానిటరీ సామాను కొని ఇక్కడికి కంటెయినర్లు పంపే ఉద్యోగం చేశాను. అక్కడ ఏ బేరం మొదలవ్వాలన్నా ముందు టీ బల్ల దగ్గర కూర్చోబెడతారు. మొదటి రెండేళ్ళు మర్యాద కోసం తాగాను, మూడో ఏడాది నుంచి ఇష్టపడి తాగాను, ఆ తర్వాత జీతంలో ఎంత తగలేశానో మా ఆవిడకి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. ఊళ్ళోనే ఫాంగ్‌త్సున్ అని దేశంలోకెల్లా పెద్ద టీ హోల్‌సేల్ మార్కెట్ ఉంది, ఆదివారాలు అక్కడే గడిచిపోయేవి. మొదటిసారి ఒక కొట్టు అరల్లో గుండ్రంగా, నల్లగా, వరసగా నిలబెట్టిన బిళ్ళలు చూసి పిడకలు గుర్తొచ్చాయి. ఇప్పుడు ఆ మాటంటే నాకే కోపం వస్తుందనుకోండి.

సరే, అసలు విషయం. పాతబడితే పాడవడం, పాతబడితే బాగుపడడం రెండూ మనకి కొత్త కాదు. కొత్తబియ్యం వండితే ముద్దయిపోతుందని ఏడాది నిల్వున్న పాతబియ్యానికి ఎక్కువ డబ్బులిచ్చి కొంటాం. అన్నీ అలా కావు, పాత పెసరపప్పు పురుగు పడుతుంది. టీల్లోనూ అంతే. మన సీటీసీ టీపొడి ఫ్యాక్టరీ గేటు దాటేసరికే దాని పని పూర్తయిపోయింది. ఆకుని నలిపి, గాలి తగలనిచ్చి, ఎర్రబడ్డాక వేడిగాలితో ఆరబెట్టేశారు. ఇక అందులో కొత్తగా జరగడానికి ఏమీ మిగల్లేదు, రోజురోజుకీ వాసన పోవడం తప్ప. గ్రీన్ టీకి అయితే మరీ తొందర. మీరు పారబోస్తున్నది సబబే.

పుఅర్ టీ అలా కాదు, సగం పనిలో ఆపేసిన టీ. చైనాలో నైరుతి మూల యునాన్ రాష్ట్రం, అందులోనూ బర్మా, లావోస్ సరిహద్దుల్లో ఉన్న షీష్వాంగ్‌బన్నా, దాని పైన పుఅర్, లిన్‌త్సాంగ్ జిల్లాలు దీని సొంతూళ్ళు. మొక్క పెద్దాకు రకం, మన అస్సాం టీకి దగ్గర చుట్టం. వందల ఏళ్ళ వయసున్న టీ చెట్లున్న తోపులు అక్కడ ఇంకా ఉన్నాయి, జింగ్‌మాయ్ కొండ మీద ఉన్న తోపుల్ని 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆకు కోసి, పెద్ద మూకుడులో కాసేపు తిప్పి, చేత్తో నలిపి, ఎండలో ఆరబెడతారు. గ్రీన్ టీలాగా గట్టి వేడి మీద ఆరనివ్వరు, కిటుకంతా అక్కడే. తర్వాత ఆవిరి పట్టి, గుడ్డసంచిలో మూటకట్టి, రాయి కింద నొక్కితే బిళ్ళ తయారు. మామూలుగా 357 గ్రాములు. ఏడు బిళ్ళలు ఒక దొంతర, దాని చుట్టూ వెదురు పొర చుట్టి కట్టేస్తారు, మొత్తం రెండున్నర కిలోలు. ఒకప్పుడు గుర్రాల మీద, కంచరగాడిదల మీద కొండలు దాటించి టిబెట్ దాకా మోసుకెళ్ళేవాళ్ళు, అందుకే ఈ నొక్కడాలూ కట్టడాలూ. దాచుకుంటే బాగుపడుతుందని ఎవరూ ముందే అనుకుని చేసింది కాదు.

ఈ పచ్చి బిళ్ళని (వాళ్ళు షెంగ్ అంటారు) అదే ఏడాది తాగి చూడండి. పువ్వుల వాసన, తేనె వాసన ఏదో ఉంటుంది గానీ దాని వెనకే చేదు, చేదు వెనక వగరు, నాలుక రెండు వైపులా పట్టేస్తుంది. పచ్చి జామపిందె నమిలినట్టు. ఆ వగరుకి కారణం ఆకులోని కేటెచిన్లు అనే పాలీఫెనాల్స్. ఏళ్ళు గడిచే కొద్దీ గాలిలోని ఆక్సిజన్, కొంచెం తేమ, ఆకు మీద ఉండే సూక్ష్మజీవులు కలిసి ఆ కేటెచిన్లని ఒకదానికొకటి అతికించి పెద్ద పెద్ద గోధుమరంగు పదార్థాలుగా మారుస్తాయి. వాటిలో ముఖ్యమైనవాటిని థియాబ్రౌనిన్లు అంటారు. కోసిపెట్టిన వంకాయ అయిదు నిమిషాల్లో నల్లబడుతుంది చూశారా, దాదాపు ఆ పనే ఇక్కడ ఇరవై ఏళ్ళు పడుతుంది. లేత పసుప్పచ్చగా ఉన్న డికాషన్ ముందు నారింజరంగుకి, తర్వాత ఎరుపుకి, బాగా ముదిరితే మంచి మాణిక్యం రంగుకి వస్తుంది. వగరు సన్నగిల్లుతుంది. పువ్వుల వాసనలు పోయి ఎండు రేగుపళ్ళు, కర్పూరం, పాత టేకు పెట్టె, మూలికల కొట్టు, వీటి వాసనలు వస్తాయి. ఆ పాత కలప వాసనకి మెథాక్సీబెంజీన్లు అనే పదార్థాలు కారణమని రసాయనం చదివినవాళ్ళు చెబుతారు. మన రేగొడియాల డబ్బా మూత తీస్తే వచ్చే వాసన ఉంటుందే, మంచి పాత టీలో నాకు మొదట తగిలింది అదే. మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పక్కన కూర్చున్న చైనా వాళ్ళకి అది చెప్పడం నావల్ల కాలేదు.

తాగేవాళ్ళని పట్టి ఉంచేది మాత్రం వాసన కాదని నా లెక్క. రెండు వేరే సంగతులు. ఒకటి, గొంతు దిగాక వచ్చే తీపి. వాళ్ళు "హుయ్ గాన్" అంటారు, తిరిగొచ్చే తీపి అని. ఇంగ్లీషు వాళ్ళు ఇది వివరించడానికి పేజీలు పేజీలు రాస్తారు గానీ మనకి ఒక్క ముక్క చాలు, ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగండి. అదే. చక్కెర లేదు, నాలుక మీద ఏమీ లేదు, గుటక వేశాక లోపల్నుంచి తీపి ఊరుతుంది, పది నిమిషాలు పోదు. రెండోది చిక్కదనం. పాత టీ నోట్లో నీళ్ళలా ఉండదు, పల్చటి గంజిలా నోరంతా నూనెపూత వేసినట్టు దిగుతుంది. మంచి పాత టీలో చిత్రం ఏంటంటే చాలాసార్లు చెప్పుకోవడానికి "రుచి" పెద్దగా ఉండదు. మొదటిసారి తాగినవాళ్ళు ఇంతేనా అంటారు. నేనూ అన్నాను. అరగంట తర్వాత ఇంటికి నడుస్తుంటే గొంతులో ఇంకా ఏదో చల్లగా, కర్పూరం బిళ్ళ చప్పరించినట్టు ఉంది. అప్పుడు అర్థమైంది వాళ్ళు దేనికి డబ్బులిస్తున్నారో. ఒళ్ళు వెచ్చబడటం, నుదుటి మీద సన్నగా చెమట పట్టడం, దాన్ని "ఛా ఛీ" (టీ ప్రాణశక్తి) అని కొట్టువాళ్ళు పెద్ద కథ చేస్తారు. అందులో కెఫీన్ ఎంత, మరిగే నీళ్ళు ఎంత, మన నమ్మకం ఎంత అన్నది మీ ఇష్టం. బరువు తగ్గుతుంది, షుగరు తగ్గుతుంది అంటూ అమ్మేవాళ్ళ దగ్గర మాత్రం కొనకండి. టీని టీగా అమ్మలేనివాడే మందుగా అమ్ముతాడు.

ఇప్పుడు అందరూ తప్పుగా అర్థం చేసుకునే చోటికి వస్తున్నా. "ఎన్నేళ్ళ టీ" అని అడుగుతారు. అడగాల్సింది "ఎక్కడున్న టీ" అని. వయసు ఒక అంకె మాత్రమే, టీని మార్చేది అది ఉన్న గది. కున్‌మింగ్‌లో, బీజింగ్‌లో గాలి పొడి. అక్కడ బిళ్ళ ఇరవై ఏళ్ళున్నా పన్నెండేళ్ళదానిలా చేదు చేదుగానే ఉంటుంది. గ్వాంగ్‌జౌ, హాంకాంగ్, కౌలాలంపూర్ ఉక్కపోత ఊళ్ళు, అక్కడ త్వరగా మారుతుంది, జాగ్రత్త లేకపోతే అంతే త్వరగా బూజు పడుతుంది.

హాంకాంగ్ కథే తీసుకోండి. అక్కడి టీ హోటళ్ళలో పొద్దున్నే డిమ్‌సమ్ అనే ఆవిరి కుడుముల లాంటివి తింటూ కడుపునిండా పుఅర్ తాగుతారు, వాళ్ళ భాషలో "బో లే". చేమంతి పూలు కలిపి కూడా తాగుతారు. వాళ్ళకి కావలసింది నల్లగా, మెత్తగా, కొవ్వు తిన్న నోటిని కడిగేసే టీ. యునాన్ నుంచి వచ్చే పచ్చి బిళ్ళ వాళ్ళ నోటికి విషం. అందుకని వ్యాపారులు నేలమాళిగల్లో, తేమ గోడౌన్లలో బస్తాలు పేర్చి కొన్నేళ్ళు మగ్గబెట్టి, తర్వాత పొడిచోటికి మార్చి ఆ ముతక వాసన ఎగిరిపోయేదాకా ఆరబెట్టి హోటళ్ళకి అమ్మేవాళ్ళు. అక్కడ దాన్ని చాలాకాలం పురాతన వస్తువుగా ఎవరూ చూడలేదు, రోజువారీ హోటలు టీ.

ఆ గిరాకీకి సరిపడా పాత టీ ఎక్కడ దొరుకుతుంది? 1973లో యునాన్ ఫ్యాక్టరీల వాళ్ళు గ్వాంగ్‌డాంగ్ (గ్వాంగ్‌జౌ ఉన్న రాష్ట్రం) వెళ్ళి, అక్కడ నీళ్ళు చల్లి టీని త్వరగా మగ్గబెట్టే పద్ధతి చూసొచ్చి, కున్‌మింగ్‌లో తమదైన పద్ధతి తయారు చేసుకున్నారు. టన్నుల కొద్దీ ఆకుని కుప్పపోసి, నీళ్ళు చల్లి, గోనెలు కప్పేస్తారు. తడి ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి చూసినవాళ్ళకి తెలుసు లోపల ఎంత వేడెక్కుతుందో, ఇదీ అంతే. బూజులు, బాక్టీరియా పనిచేసి 50, 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, కొన్ని రోజులకోసారి తిరగేస్తూ ఉంటే నెలన్నర, రెండు నెలల్లో ఆకు నల్లబడి ఇరవై ఏళ్ళ టీ లాగా తయారవుతుంది. ఇదే "షౌ", మాగబెట్టిన టీ. మీ 7572 ఇదే. చెట్టున ముగ్గిన మామిడిపండుకీ గడ్డిలో మాగేసిన పండుకీ ఉన్న తేడా ఉంది, కాదనను. కానీ గడ్డిలో మాగిన పండూ బాగానే ఉంటుంది కదా. పాత టీలు సేకరించే కలెక్టర్లు ముక్కు చిట్లిస్తారు, మీరు పట్టించుకోకండి, నేను రోజూ పొద్దున్న తాగేది షౌనే.

ఇక గది కథకి అసలైన ఉదాహరణ 88 చింగ్ అని పేరుపడ్డ పచ్చి బిళ్ళ. 1990ల మొదట్లో హాంకాంగ్‌లో ఒక వ్యాపారి మెంగ్‌హాయ్ ఫ్యాక్టరీ 7542 పచ్చి బిళ్ళలు (పైన చెప్పిన లెక్కే, 75 ఫార్ములా, 4 గ్రేడు ఆకు, 2 మెంగ్‌హాయ్) పెద్ద ఎత్తున కొన్నాడు. 1988 నుంచి 1992 దాకా చేసిన సరుకది. అప్పటి ఆచారం ప్రకారం నేలమాళిగలో వేస్తే మూడు నాలుగేళ్ళలో హోటలు టీ అయి అమ్ముడుపోయేది. ఆయన తేమ గోడౌన్లో పెట్టలేదు, పొడిగా గాలి ఆడే చోట ఉంచాడు. ఏళ్ళ తరబడి అది చేదుగానే ఉంది. 2000 తర్వాత జనం రుచి చూస్తే, బూజు వాసన లేదు, శుభ్రంగా కర్పూరం వాసన, ఆకు ఇంకా ప్రాణంతో ఉంది. "పొడి గోడౌన్ టీ" అన్న మాటకి మార్కెట్లో విలువ వచ్చింది ఇలాంటివాటి వల్లే. ఇప్పుడు ఆ బిళ్ళ ఒక్కోటి మన డబ్బులో లక్షల్లో ఉంటుంది. అదే ఫార్ములా, అదే ఏళ్ళు, నేలమాళిగలో ఉన్నవి అంత పలకవు. ఆ డబ్బులో ఎక్కువ భాగం ఎవరో పాతికేళ్ళు కట్టిన గోడౌన్ అద్దెకీ, తొందరపడి అమ్ముకోకుండా పట్టిన ఓపికకీ పోతుంది.

కలెక్టర్ల ఆకర్షణ ఇంకొంచెం వేరు. స్టాంపులు సేకరించేవాడు స్టాంపుని వాడెయ్యడు. ఇక్కడ వాడితేనే తెలుస్తుంది, వాడితే ఒకటి తగ్గుతుంది. కాబట్టి మంచి సరుకు ప్రతి ఏడాదీ తగ్గుతూనే ఉంటుంది, మళ్ళీ చేద్దామన్నా కుదరదు. ఆ ఫ్యాక్టరీ ఉండదు, ఆ ఆకు ఉండదు, ఉన్నా ఇరవై ఏళ్ళు మళ్ళీ మొదట్నించీ కూర్చోవాలి. పై మెట్టులో ఉన్నవి యునాన్‌లోని యీవు కొండ చుట్టుపక్కల ప్రైవేటు కొట్లవాళ్ళు 1950లకి ముందు చేసినవి, సొంగ్‌పిన్, తొంగ్‌చింగ్, ఫుయువాన్‌చాంగ్ లాంటి పేర్లు. బిళ్ళకి పైన కాగితం కూడా ఉండేది కాదు, టీలోనే నొక్కేసిన చిన్న చీటీ ఒక్కటే గుర్తు. వేలంలో కోట్ల రూపాయలు పలికేవి ఇవే. తర్వాత ప్రభుత్వ కంపెనీ బిళ్ళలు, కాగితం మీద గుండ్రంగా ఎనిమిది "జొంగ్" (చైనా పేరులోని మొదటి అక్షరం) అక్షరాలు, మధ్యలో "ఛా" (టీ) అక్షరం. ఆ అక్షరం ఎర్రగా ఉంటే ఎర్రముద్ర, నీలంగా ఉంటే నీలిముద్ర. ఇక 1970ల నుంచి మీరు చూసిన నంబర్ల కాలం. కాగితం మందం, సిరా రంగు, అక్షరం వంపు, లోపలి చీటీ అంచు, వీటి మీద రాత్రంతా వాదించుకునేవాళ్ళని చూశాను. టీ మాత్రం చల్లారిపోయేది.

ఒక పిచ్చి అలవాటు కూడా చెప్పాలి. ఫాంగ్‌త్సున్‌లో కొన్ని బ్రాండ్ల పెట్టెలు అసలు విప్పరు. సీలు విప్పితే ధర పడిపోతుంది. ఒక పెట్టె ఒకే గోడౌన్లో ఉండి పదిమంది చేతులు మారుతుంది, తాగినవాడు ఒక్కడూ లేడు. 2007 వసంతంలో ఇలాగే ధరలు ఆకాశానికి ఎక్కి, వేసవికల్లా కుప్పకూలాయి. పొలాలు, ఇళ్ళు తాకట్టు పెట్టి టీ కొన్నవాళ్ళు మునిగిపోయారు. తమాషా ఏంటంటే సిమావో అనే ఊరు తన పేరుని పుఅర్ అని మార్చుకున్నది కూడా ఆ ఏడాదే. 2021లోనూ అలాంటి ఊపే వచ్చి చల్లబడింది. కాబట్టి "పెట్టుబడి పిచ్చేనా" అన్న మీ ప్రశ్నకి, అవును, అదీ ఉంది, దండిగా ఉంది. రుచి నిజం, ధర వేరే సంగతి. రెండూ ఒకే బిళ్ళ మీద కూర్చున్నాయి గానీ ఒకదానికొకటి చుట్టాలు కావు.

నా చెయ్యి కాలిన కథ. గ్వాంగ్‌జౌ వెళ్ళిన అయిదో ఏట, నాకు అన్నీ తెలిసిపోయాయన్న ధీమా వచ్చింది. ఒక కొట్టులో "1990ల చివరి" బిళ్ళ చూపించారు. కాగితం పసుప్పచ్చగా, చెదలు కొరికినట్టు చిల్లులు, లోపలి చీటీ కూడా పాతగా ఉంది. మూడు కప్పులు రుచి చూపించాడు, బాగుంది. నెల జీతంలో సగం పోసి కొన్నాను. మా గోడౌన్ మేనేజరు అక్కడివాడే, పెద్దాయన, చిన్నప్పట్నించీ ఇదే తాగి పెరిగినవాడు. ఆఫీసులో ఆయన ముందు గర్వంగా కాచాను. ఆయన టీ తాగనే లేదు. కాచేసిన ఆకు ఒకటి తీసి వేళ్ళ మధ్య రుద్దాడు. పొడిచోట పాతబడిన ఆకైతే మెత్తగా తోలులా సాగి విప్పుకోవాలి, రంగు గోధుమ. ఇది నల్లగా, గట్టిగా, విప్పబోతే నలిగిపోయింది. పక్క ఆకేమో ఆకుపచ్చగా ఉంది. అంటే కొంత తేమలో ఉడికించింది, కొంత కొత్తది, కలిపి నొక్కారు, కాగితాన్ని టీ నీళ్ళలో ముంచి పాతగా చేశారు. రుచి చూపించిందీ అమ్మిందీ ఒకటే బిళ్ళ కాదని ఆయన నవ్వాడు. ఆ రోజు నుంచి నేను కాగితం చదవడం మానేశాను. కాచాక డికాషన్ తేటగా ఉందా మబ్బుగా ఉందా, గొంతు గీరుకుందా, ఆకు విప్పుకుందా, ఈ మూడే చూస్తాను. ఈ మూడింటిని అబద్ధం ఆడించడం చాలా కష్టం.

పాతబడే టీలు పుఅర్ ఒక్కటే కాదు. గ్వాంగ్‌షీలో ఊజౌ దగ్గర లియుబావ్ అనే నల్ల టీ ఉంది, మలయా తగరపు గనుల్లో పనికెళ్ళిన చైనా కూలీలు తాగేవాళ్ళు, అందుకే మంచి పాత సరుకు ఇప్పటికీ ఈపో లాంటి మలేసియా ఊళ్ళలో బయటపడుతుంది. ఈపో ఉన్న పెరాక్ రాష్ట్రం తోటల్లోకి మన తెలుగువాళ్ళూ కూలికి వెళ్ళారు, వాళ్ళ నోటికి ఇది ఎప్పుడైనా తగిలిందో లేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఫూజియన్‌లో ఫూడింగ్ తెల్ల టీ ఉంది, "ఒక ఏడాది టీ, మూడేళ్ళు మందు, ఏడేళ్ళు నిధి" అని సామెత చెప్పి అమ్ముతారు, ఆ సామెత ఖరీదు బిళ్ళలో కలిపే ఉంటుంది. ధర తక్కువ, రుచి ఎక్కువ కావాలంటే నా ఓటు లియుబావ్‌కి.

మనం కొని దాచుకోవచ్చా అంటే, తాగడానికైతే కొనండి, డబ్బు కోసమైతే వద్దు. మన దగ్గర తిరిగి కొనే మార్కెట్టే లేదు. ఒక్కసారే బిళ్ళ కొనేయకుండా పది, పాతిక గ్రాముల శాంపిళ్ళు తెప్పించుకోండి. పదిహేనేళ్ళు దాటిన టీ చాలా చవగ్గా ఇస్తానంటే దండం పెట్టి వచ్చేయండి. నిల్వకి తేమ 65–70 శాతం దగ్గర ఉంటే సుఖం. హైదరాబాద్ ఎండాకాలంలో గాలి బొత్తిగా పొడి, మీ దగ్గర టీ పాడవదు గానీ నిద్రపోతుంది. మా విశాఖపట్నంలో ఉల్టా, రెండేళ్ళ క్రితం వానాకాలం ఊరెళ్ళొచ్చేసరికి అడుగున ఉన్న రెండు బిళ్ళలకి బూజు పట్టింది, తెల్లటి నూగు పట్టినదాన్ని ఆరబెట్టి బతికించుకున్నాను, నల్లబూజు పట్టినదాన్ని పారేశాను. ఇంకా పెద్ద ప్రమాదం మన ఇళ్ళలో తేమ కాదు, వాసనలు. టీ ఆకు ఏ వాసననైనా పీల్చేస్తుంది. వంటింట్లో వద్దు, బీరువాలో వద్దు (నాఫ్తలీన్ గోళీలు), దేవుడి గది పక్కన వద్దు (అగరొత్తులు). మట్టి కుండ మంచిది, అట్టపెట్టె చాలు. పింగాణీ జాడీ బాగుంటుందని ఎక్కడో చదివి నేను మా అత్తగారింటి పాత జాడీ మూడుసార్లు కడిగి, వారం ఎండబెట్టి, అందులో మంచి యీవు బిళ్ళ పెట్టాను. ఏడాది తర్వాత తీసి కాస్తే ఆవపిండి, వెల్లుల్లి. ఆవకాయ జాడీ అది. ప్రపంచంలో ఆవకాయ వాసనొచ్చే పుఅర్ తాగినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఇక మీ బిళ్ళ. రెండేళ్ళుగా వంటింటి అటక మీద ఉందన్నారు, ముందు కిందకి దించండి. కాగితం విప్పి వాసన చూడండి, మట్టివాసన, కొంచెం చెక్కవాసన ఉంటే బాగున్నట్టే, పోపు వాసన ఉంటే ఓ నెల గాలాడే గదిలో ఉత్త అట్టపెట్టెలో పెట్టి వదిలేయండి. తర్వాత బిళ్ళ పక్కనుంచి, పైనుంచి కాదు, సన్నటి కత్తిమొన దూర్చి పొరలుగా విప్పి ఓ ఆరు గ్రాములు తీయండి. సామాను ఏమీ కొనక్కర్లేదు, మూతున్న చిన్న గిన్నె, టీ వడకట్టు చాలు. నీళ్ళు తెర్లాలి. మొదట పోసిన నీళ్ళు పారబోసేయండి, అది కడగడానికి. తర్వాత టీగ్లాసుడు నీళ్ళు పోసి పది సెకన్లు, అంతే, వెంటనే వంచేయండి. అయిదు నిమిషాలు మరిగించారంటే తారులా ఉంటుంది, నన్ను తిట్టుకుంటారు. పాలు, చక్కెర ఈ ఒక్కసారికి పక్కన పెట్టండి. అదే ఆకు మీద మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోయవచ్చు, పోసిన కొద్దీ కొన్ని సెకన్లు పెంచుకుంటూ, ఎనిమిది పదిసార్లు హాయిగా వస్తుంది. మొదటి రెండు గ్లాసులు పట్టించుకోకండి. నాలుగు, అయిదు దగ్గర ఎలా ఉందో, వెనకాల తేదీ ముద్ర ఏముందో ఇక్కడే రాయండి, అప్పుడు అది దాచుకోదగ్గదా తాగేయాల్సిందా చెబుతాను. బావమరిది గారికి 1975 సంగతి మీరే చెప్పుకోండి.